కష్టాలతో దేవుడు సిద్ధపరుస్తాడా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీరు అడిగింది ఇదీ: ఏడాది దాటింది ఉద్యోగం లేదు, అమ్మ డయాలసిస్ మీద ఉంది, చర్చిలో అందరూ "దేవుడు నిన్ను ఏదో పనికి సిద్ధపరుస్తున్నాడు" అంటున్నారు, దేనికి సిద్ధపడుతున్నానో నాకైతే అర్థం కావడం లేదు, నిజంగా అలా జరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

ఉన్నారండి, నేనే ఒకదాన్ని. ఆ మాట నేను నమ్ముతాను కూడా. కానీ ఆ మాట మీతో ఇప్పుడు అంటున్నవాళ్ల మీద మాత్రం నాకు కోపం వస్తోంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాది ప్రకాశం జిల్లా. మా నాన్న సెంట్రింగ్ పనికి వెళ్లేవాడు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా సారవ విరిగి రెండో అంతస్తు నుంచి కింద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది, నడుము కింద స్పర్శ పోయింది. దగ్గర్లో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, ఇంక ఇంతే, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. మనిషిని ఎంతసేపటికొకసారి పక్కకు తిప్పాలో కూడా ఎవరూ చెప్పలేదు. మాకు ఏం తెలుసు, కదిలిస్తే నొప్పి అని కదపకుండా పడుకోబెట్టేవాళ్లం. నెల తిరక్కుండా నడుం కింద పుండు పడింది. మొదట ఎర్రగా ఒక మచ్చ, తర్వాత చర్మం ఊడిపోయింది, తర్వాత లోపల ఏముందో చూడటానికి కూడా భయం వేసేంత అయింది. నేను కాలేజీ మానేశాను. మానేశాను అనడం కన్నా, ఒక సోమవారం వెళ్లలేదు, ఆ తర్వాత ఇంక వెళ్లనేలేదు.

ఆ రోజుల్లో మా ఇంటికి ప్రార్థనకు వచ్చినవాళ్లు రెండు రకాలు. ఏదో పాపం దాచిపెట్టారు, ఒప్పుకోండి అనేవాళ్లు ఒక రకం. వీళ్లకు యోహాను సువార్త 9వ అధ్యాయం చాలు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అని ప్రభువే చెప్పాడు కాబట్టి వాళ్ల గురించి ఇంక మాట్లాడను. రెండో రకంవాళ్లు మంచివాళ్లు, అసలు ఇబ్బంది వీళ్లతోనే. ఒక బ్రదర్ గారు మంచం పక్కన నిలబడి "అన్నా, దేవుడు మిమ్మల్ని గొప్ప సేవకు సిద్ధపరుస్తున్నాడు" అని చెబుతుంటే, మా అమ్మ అప్పుడే నాన్న యూరిన్ బ్యాగ్ ఖాళీ చేస్తోంది, తలెత్తకుండానే "బాబూ, కాస్త ఆ బకెట్ ఇటు జరుపు" అంది. పాపం జరిపాడు. ప్రార్థన చిన్నగా ముగించి వెళ్లిపోయాడు. మా సంఘంలోనే ఒక మామ్మ ఉండేది, ఆవిడ ఎప్పుడూ వాక్యం చెప్పలేదు, వారం వారం వచ్చి నాన్న దుప్పట్లు ఉతికి ఆరేసి, టీ ఇస్తే తాగి, వెళ్లిపోయేది. నాన్న ఇప్పటికీ ఎవరినైనా తలుచుకుంటే ఆవిడనే.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే కథ యోసేపుది. నేనూ అదే చెబుతాను, కాకపోతే నాన్న పడ్డాక గడిచిన నాలుగేళ్లలో పదే పదే చదివాక నాకు కనిపించినవి వేరు. 17 ఏళ్ల కుర్రాణ్ని అన్నలు గుంటలో పడేసి అమ్మేశారు, 30 ఏళ్లకు ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు. మధ్యలో ఆ పదమూడేళ్లూ దేవుడు యోసేపుతో ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడినట్టు ఆదికాండంలో లేదు. తోడుగా ఉన్నాడని ఉంది, అంతే. ఇది ఫలానా దానికి ట్రైనింగ్, ఓర్చుకో అని ఎవరూ చెప్పలేదు, దేవుడూ చెప్పలేదు. పోనీ యోసేపు సంతోషంగా ఓర్చుకున్నాడా అంటే అదీ లేదు, జైల్లో తనతో ఉన్న, ఫరోకు ద్రాక్షారసం అందించే పానదాయకుల అధిపతిని పట్టుకుని నన్ను ఈ చెరసాల నుంచి బయటికి తీయించు బాబూ అని బతిమాలాడు. అతను మర్చిపోయాడు, ఇంకో రెండేళ్లు గడిచిపోయాయి. మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు అనే ఆ పెద్ద మాట 50వ అధ్యాయంలో గానీ రాదు. అది కూడా ఎవరన్నారు? దెబ్బ తిన్నవాడే. పక్కింటివాళ్లు కాదు, ఇష్మాయేలీయుల వర్తకులు కాదు, మరీ ముఖ్యంగా అమ్మేసిన అన్నలు కాదు. అదే మాట 37వ అధ్యాయంలో గుంట ఒడ్డున కూర్చుని అన్నం తింటూ అన్నలు అని ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి.

ఇంకోటి. సిద్ధపాటు అంటే మనవాళ్లు ఓర్పు, తగ్గింపు, విశ్వాసం అని గుణాల లిస్టు చెబుతారు. యోసేపు విషయంలో అది చాలా మామూలు పని. తనను కొనుక్కున్న పోతీఫరు ఇంట్లో లెక్కలు, పనివాళ్లు, సామాను అన్నీ చూశాడు. జైల్లో పడ్డాక జైలు వ్యవహారం చూశాడు. తర్వాత ఏడేళ్ల పంటలో ఐదో వంతు తీసి ఊరూరా కొట్లలో నిల్వ చేయించాల్సి వచ్చినప్పుడు పనికొచ్చింది అదే. పరాయి భాష కూడా వచ్చేసింది, అన్నలతో మాట్లాడేటప్పుడు మధ్యలో దుబాసీని పెట్టుకున్నాడంటే చూడండి, ఐగుప్తువాడే అని వాళ్లు నమ్మేంతగా. అయినా అంత పెద్ద పదవి వచ్చి, పెళ్లయి, రెండో కొడుకు పుట్టాక కూడా ఆ దేశాన్ని నేను బాధపడిన దేశం అనే అన్నాడు. మేలు జరిగింది కాబట్టి బాధ బాధ కాదు అని ఎక్కడా అనలేదు. నాకు ఆ ఒక్క మాటతో ఎంత ఊపిరి ఆడిందో చెప్పలేను.

మా విషయానికి వస్తాను. ఎవరో చెబితే అప్పు చేసి నాన్నను వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి, అదే సీఎంసీకి తీసుకెళ్లాం. కాట్పాడిలో రైలు దిగితే సగం మంది తెలుగువాళ్లే కనిపిస్తారు, మీకూ తెలిసే ఉంటుంది. పుండు మానడానికే చాలా కాలం పట్టింది, ఆ తర్వాత బాగాయంలో ఉన్న రీహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు. అక్కడ పేషెంటుకి ఎంత నేర్పిస్తారో తోడు వచ్చినవాళ్లకీ అంతే నేర్పిస్తారు. రెండు గంటలకోసారి తిప్పడం, మడమల కింద దిండు సర్దడం, రోజూ అద్దం పెట్టి వీపు చూసుకోవడం, ఎర్రబడిన చోట రుద్దకపోవడం, శుభ్రంగా ట్యూబ్ పెట్టి మూత్రం తీయడం, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారడం. నాన్న మొదటిసారి తనంతట తను కుర్చీలోకి జరిగిన రోజు అమ్మ ఏడవలేదు, బయటికెళ్లి టీ తాగి వచ్చింది. కట్టుకున్న చీరతోటే ఆసుపత్రికి వచ్చిన రోజు నుంచీ ఒక్కసారైనా తీరిగ్గా టీ తాగలేదట.

ఆ సంస్థ ఎలా వచ్చిందో అక్కడే తెలిసింది. డాక్టర్ మేరీ వర్గీస్ అని కేరళ ఆవిడ, వేలూరులోనే చదివి అక్కడే పని చేస్తున్న చిన్న వయసు డాక్టర్. 1954లో తోటి డాక్టర్లతో కలిసి ఒక ట్రిప్‌కి వెళుతుంటే బండి బోల్తా పడి ఆవిడకు నడుము కింద చచ్చుబడిపోయింది. అచ్చం మా నాన్నలాగే. ఆ తర్వాత వేలూరులోనే పనిచేసే సర్జన్ డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసేవారు, చేతి ఆపరేషన్ కూర్చుని చేయొచ్చు కదా. ఆపైన న్యూయార్క్ వెళ్లి రీహాబిలిటేషన్ చదివి వచ్చారు, 1966లో ఈ సంస్థ మొదలైంది, 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ పడకపోయి ఉంటే మా నాన్న లేచి కూర్చునేవాడు కాదు అని నాకు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఇది నేను అనుకోవాల్సిన మాట కాదేమో అని కూడా అనిపిస్తుంది, ఎందుకంటే పడింది ఆవిడ, లాభం పొందింది మేము.

అదే వార్డులో మా పక్క మంచం మీద ఒక కుర్రాడు ఉండేవాడు, నాకంటే చిన్నవాడు, బైక్ యాక్సిడెంట్. ఇంటికి వెళ్లాక మళ్లీ పుండు పడి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి చనిపోయాడు. అతని కష్టం దేనికి సిద్ధపాటు? దీనికి జవాబు చెప్పేసేవాళ్లను నేను నమ్మను. యోబు స్నేహితులు ఏడు రాత్రులూ పగళ్లూ నోరెత్తకుండా నేల మీద కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే గొడవ మొదలైంది, చివర్లో దేవుడు కోప్పడింది కూడా వాళ్ల మాటల మీదే.

మా ఒంగోలు వైపు సంఘాల్లో ఇంకో కథ చెబుతుంటారు, 1876-78 కరువు గురించి. ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ, మావాళ్లు క్లౌ దొర అంటారు, మిషనరీ కాకముందు సర్వే పని నేర్చుకున్నాడు. కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు కొంత తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించగలిగాడంటే ఆ పాత చదువు వల్లే. కూడు కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు ఉన్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఆయనకు యవ్వనంలో వచ్చిన పని ఇక్కడి కోసం దేవుడు సిద్ధం చేసిందే అంటే నేను ఆమెన్ అంటాను. కానీ ఆ బాప్తిస్మాల కోసమే దేవుడు కరువు పంపాడు అని ఎవరైనా ప్రసంగంలో అంటే మాత్రం నాకు మింగుడు పడదు. ఆ కరువులో లక్షల మంది పోయారండి, వాళ్లు మన సాక్ష్యానికి ముడిసరుకు కాదు.

నాన్న ఈ విషయంలో నాకంటే సూటిగా ఉంటాడు. ఎవరో అడిగారు, దేవుడు మిమ్మల్ని ఎందుకు పడేశాడనుకుంటున్నారు అని. "దేవుడు తొయ్యలేదయ్యా, సారవ కట్టినోడు సరిగా కట్టలేదు. పడ్డాక మాత్రం వదల్లేదు, అది దేవుడే" అన్నాడు. ఇంటి ముందు చిన్న బడ్డీకొట్టు పెట్టుకున్నాడు, వికలాంగులకు ఇచ్చే సదరం సర్టిఫికెట్ మీద పింఛను వస్తుంది, ఎవరైనా జాలిపడితే అప్పు బాకీ గుర్తు చేస్తాడు.

మరి నేను దేనికి సిద్ధపడ్డాను? గొప్పగా ఏమీ లేదు. ఆగిపోయిన డిగ్రీ ప్రైవేటుగా కట్టి పూర్తి చేశాను, ఒక దుకాణంలో ఎకౌంట్స్ రాస్తాను, జీతం దానికే వస్తుంది. కానీ నా ఫోన్ ఎక్కువగా మోగేది ఇంకోదానికి. "అక్కా, మా ఆయన పడ్డాడు, నడుం కింద కదలడం లేదు, ఆసుపత్రివాళ్లు పంపించేశారు" అని. ఎవరో మా నెంబరు ఇస్తారు. దగ్గరైతే వెళతాను, దూరమైతే వీడియో కాల్‌లో చూపిస్తాను: దిండు ఇక్కడ పెట్టండి, నడుం కింద పెట్టిన ఆ గాలి ట్యూబ్ తీసేయండి, ఎర్రగా ఉందా చూపించండి, పుండు లోతుగా ఉంటే ఇంట్లో ఏమీ పూయకుండా డాక్టర్‌కి చూపించండి. ఒకసారి ఇలా చెబుతుంటే అవతల ఆవిడ ఒక్కసారిగా ఏడుపు ఆపి "రెండు గంటలకోసారి అంటే రాత్రి కూడానా అక్కా?" అని అడిగింది. రాత్రి కూడా, అలారం పెట్టుకో, నీకు ఇంకెవరైనా ఉన్నారా మార్చుకోవడానికి అన్నాను. ఆ ప్రశ్న ఏ వాక్యంలోంచీ రాలేదు నాకు, అర్ధరాత్రుళ్లు లేచీ లేచీ వచ్చింది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లోనే పౌలు ఇదే అంటాడు, మాకు దొరికిన ఆదరణతోనే మేము కష్టంలో ఉన్నవాళ్లను ఆదరిస్తున్నామని. పౌలుకు మొదట దొరికింది వివరణ కాదు, ఆదరణ. నేను నమ్మే సిద్ధపాటు అంతవరకే.

అయితే అప్పట్లో ఇది నాకు సిద్ధపాటులా ఒక్క రోజు కూడా అనిపించలేదు. నా ఈడు పిల్లలంతా పరీక్షలు రాస్తుంటే నేను దుప్పట్లు మారుస్తున్నాను అని మాత్రమే అనిపించేది. కాబట్టి మీకు ఇప్పుడు ఏమీ అర్థం కాకపోవడం విశ్వాసం తక్కువై కాదండి. అర్థమైనట్టు నటించాల్సిన పనీ లేదు. ఎవరైనా నువ్వు సిద్ధపడుతున్నావు అంటే, సరే అన్నా, శుక్రవారం అమ్మను డయాలసిస్‌కి మీరు తీసుకెళ్లగలరా అని అడిగి చూడండి. సరే అన్నవాళ్లను వదులుకోకండి.

ఒక సంగతి మాత్రం మీరే గమనించుకోండి. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన నరం, ఉన్న చేతికి బీపీ చూడనివ్వకూడదని, రోజుకు నీళ్లు ఎన్ని తాగాలో కొలిచి ఇవ్వాలని, చూడ్డానికి వచ్చినవాళ్లు ప్రేమగా తెచ్చిన కొబ్బరిబోండాలు పక్కన పెట్టేయాలని మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. నిన్న గాక మొన్న డయాలసిస్ మొదలైన ఇంటివాళ్లకు ఇవేవీ తెలియవు. ఇదే మీ పిలుపు అని నేను అనను, అంటే నేనూ ఆ బ్రదర్ గారినే అవుతాను.

మీరు ఏ ఊరో రాయలేదు. రెండు రాష్ట్రాల్లోనూ డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు పింఛను ఉంది, అమ్మకు ఇంకా రాకపోతే డయాలసిస్ సెంటర్‌లో కాగితాలు రాయించుకుని, ఆధార్ పట్టుకుని, ఆంధ్రా అయితే సచివాలయంలో, తెలంగాణ అయితే ఎంపీడీఓ లేదా మున్సిపల్ ఆఫీసులో అడగండి. ఒక్కసారికి పని కాకపోతే మళ్లీ వెళ్లండి, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి.