గోతి పనికి సేఫ్టీ కాగితం ఎలా ఉండాలి?

ప్రశ్న: రాయగడ దగ్గర పైపులైన్ పనిలో సూపర్‌వైజర్‌ని. మనిషి మునిగేంత లోతు గోతులు తవ్విస్తున్నాం. ఆఫీసు నుంచి వచ్చిన ఇంగ్లిష్ సేఫ్టీ ఫైలు మీద కూలీలతో వేలిముద్రలు వేయిస్తే సరిపోతుందా అండీ?

జవాబు: సరిపోదండీ. ఆస్ట్రేలియాలో 1.5 మీటర్లు దాటిన కందకంలో పని మొదలుపెట్టాలంటే పనిలో ప్రమాదాలేమిటో, వాటికి జాగ్రత్తలేమిటో రాసిన పత్రం ముందే సిద్ధంగా ఉండాలి, అదీ ఆ సైటుకే రాసింది, పనివాళ్లతో మాట్లాడి రాసింది. మీరూ అలాగే చేయండి. మేస్త్రీని, ఇద్దరు ముగ్గురు కూలీలను గోతి దగ్గరే కూర్చోబెట్టుకుని, పని వరుసగా చెప్పించి, ఎక్కడ ప్రాణాపాయమో అక్కడే రాసుకోండి. ‘జాగ్రత్తగా పనిచేయాలి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘రాత్రి వాన పడితే, పొద్దున్నే మేస్త్రీ గోడల్లో పగుళ్లు, అడుగున ఊట చూసి సరే అనేదాకా ఎవరూ దిగకూడదు’ అని రాయండి, అప్పుడు బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. గోడలకు పలకల ఊతం, దిగడానికి నిచ్చెన, తవ్విన మట్టి అంచున పోయకపోవడం, ఇవన్నీ హెల్మెట్ కంటే ముందు రావాలి, ఎందుకంటే మట్టి పెళ్ల విరిగి మీద పడితే హెల్మెట్ ఆపలేదు.

రెండు పేజీలు చాలు. మీ దగ్గర ఒడియా, కువి మాట్లాడేవాళ్లూ ఉంటారు కాబట్టి వాళ్ల భాషలో చదివి వినిపించి, ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకోండి, వేలిముద్ర ఆ తర్వాతే. పని పద్ధతి మారిన రోజు కాగితమూ మారాలి.