ప్రశ్నావళి ఒక్కటే, లెక్కలు రెండు: సర్వేలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల కూలీలు రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నారు, నొప్పుల మాత్రలు ఎంత తరచుగా వేసుకుంటున్నారు అని పీజీ ప్రాజెక్టు కోసం సర్వే చేశాం. ఒక జట్టు కవిటి మండలానికి, ఇంకోటి వజ్రపుకొత్తూరు మండలానికి వెళ్లాయి. ప్రశ్నావళి ఒక్కటే. అయినా ఒక జట్టు లెక్కలో నీళ్లు దాదాపు రెట్టింపు వచ్చాయి. ఎవరి లెక్క నమ్మాలి?
– ఒక విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: జట్టుకో మండలం పంచుకున్నారు కాబట్టి తేడా ఊళ్లదా, అడిగిన మనుషులదా అన్నది ఈ డేటాతో తేలదు. ఎంత గణాంకశాస్త్రం వాడినా తేలదు. ప్రతి జట్టూ రెండు మండలాల్లోనూ సగం సగం ఇళ్లు చేసి ఉండాల్సింది. ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. పదింట ఒక ఇంటిని చీటీలు వేసి ఎంచుకుని, జట్లు మార్చి మళ్లీ అడిగించండి. అంతవరకూ రెండు లెక్కలనూ కలిపి సగటు తీయకండి.

వెళ్లే ముందు, ఆ ప్రశ్నను కూలీలను ఎలా అడిగారో జట్టులోని ఒక్కొక్కరినీ విడిగా అడిగి చూపించమనండి. తేడా చాలావరకు అక్కడే బయటపడుతుంది. ‘రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారు?’ అంటే మనిషి తన అలవాటును ఊహించి చెబుతాడు. ‘నిన్న లేచింది మొదలు పడుకునేదాకా ఎన్ని తాగారు?’ అంటే గుర్తు చేసుకుని చెబుతాడు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఇక చెంబు ఇంటికో కొలత. అంబలి, మజ్జిగ లెక్కలోకి వస్తాయా రావా అన్నది ప్రశ్నావళిలో రాయకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకుంటారు.

ఎన్ని రోజుల సంగతి అడుగుతున్నారన్నదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1999-2000లో జాతీయ నమూనా సర్వే 55వ విడతలో తిండి ఖర్చును అవే ఇళ్లలో గత 7 రోజులకూ, గత 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని తనవైపు లాగి ఉంటుందన్న అనుమానం వచ్చింది. ఆనాటి పేదరికం అంచనాలను పాత విడతలతో పోల్చవచ్చా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

మళ్లీ వెళ్లేటప్పుడు ప్రశ్నను పూర్తి వాక్యంగా అచ్చువేసి, ఉన్నది ఉన్నట్టు చదవమనండి. అర్థం కాలేదంటే ఇవ్వాల్సిన వివరణ కూడా అక్కడే రాసి ఉండాలి, సొంత మాటలు వద్దు. గీతలున్న లీటరు మగ్గు వెంట తీసుకెళ్లి, ఆ ఇంటి చెంబునూ తోటకు పట్టుకెళ్లే సీసానూ నీళ్లతో నింపి కొలవండి. మాత్రల పేరు నోటితో అడిగితే ‘తెల్ల బిళ్ల’ అంటారు. స్ట్రిప్పు చూపించమని అడిగి దాని మీది పేరే రాయండి. ‘గుర్తులేదు’, ‘చెప్పనన్నారు’ అన్నవాటికి 98, 99 వేసే అలవాటు చాలామందికి ఉంది. మాత్రల సంఖ్య ఉన్న గడిలోనే అవి పడితే, ఎవరో ఒకరు సగటు తీసేటప్పుడు 98 మాత్రలు మింగినట్టు లెక్కవుతుంది. వాటికి వేరే గడి పెట్టండి.

ప్రతి రికార్డులోనూ ఎన్యూమరేటరు (ప్రశ్నలు అడిగిన మనిషి) నంబరు, తేదీ, మొదలెట్టిన సమయం, ముగించిన సమయం, అడిగిన భాష (కవిటి వైపు ఒడియా ఇళ్లు తగులుతాయి), జవాబు చెప్పింది కూలీయా ఇంట్లో ఇంకొకరా, ఫారం ఏ వెర్షన్ అన్నవి ఉండాలి. తేదీ ఎందుకంటే మే నెల దాహం, ఆగస్టు దాహం ఒకటి కావు.

సర్వే ఫారాలను ఫోనులో నింపే కోబో, ఓడీకే లాంటి యాప్‌లలో వచ్చే అసలు ప్రమాదం సర్వే నడుమ చేసే మార్పులు. ప్రశ్న పేరు మారిస్తే కొత్త కాలమ్ పుడుతుంది, అది కంటికి కనిపిస్తుంది. జవాబుల కోడ్లలో ‘3’ అంటే ‘వారానికోసారి’ అని ఉన్నదాన్ని ‘నెలకోసారి’ చేస్తే మాత్రం ఏ హెచ్చరికా రాదు, పాత జవాబులూ కొత్తవీ ఒకే అంకె కింద కలిసిపోతాయి. పాత కోడును ముట్టుకోకుండా కొత్త ఐచ్ఛికానికి కొత్త కోడు ఇవ్వండి. డేటా ఫైలుతో పాటు ప్రశ్నల పూర్తి పాఠం, కోడ్ల పట్టిక ఒకే ఫోల్డరులో భద్రపరచండి. అవి లేని డేటాతో ఇంకొకరు మీ సర్వేను తిరిగి చేయలేరు.

ప్రశ్న: పదేళ్ల కిందటి సర్వేలో మా రాజాం మండలం శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఇప్పటి సర్వేలో విజయనగరం. ఎలా పోల్చాలి?
– ఒక ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: జిల్లా సగటుతో పోల్చకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జనంలో ఏ మార్పూ లేకున్నా జిల్లా అంకె మారిపోతుంది. ప్రతి ఊరికీ 2011 జనగణన ఇచ్చిన ఆరంకెల గ్రామ కోడు రాసుకోండి. పేరు ఒక్కటే నమ్ముకుంటే ఒకే పేరున్న ఊళ్లు కలిసిపోతాయి. ఆ కోడ్లతో పాత సరిహద్దులోని ఊళ్లన్నిటినీ పోగేసి, అప్పటి లెక్క పక్కన అదే పరిధి లెక్క పెట్టండి.