ఎలాస్టిక్‌సెర్చ్ ఆటోకంప్లీట్: ఇంగ్లిష్‌లో ఓకే, తెలుగులో మాత్రం గందరగోళం, ఎందుకు?

ఎడ్జ్ ఎన్‌గ్రామ్ టోకెనైజర్ (మాటను మొదటి నుంచి చిన్న చిన్న ముక్కలుగా కోసి, సెర్చ్ ఇంజన్ ఎలాస్టిక్‌సెర్చ్‌కి అందించేది) పెట్టారు, ఇంగ్లిష్ పేర్లు చక్కగా వస్తున్నాయి, తెలుగులో కొడితే ఏవేవో వస్తున్నాయి అన్నారు. ఈ తలనొప్పి నేనూ పడ్డాను.

తెలిసినవాళ్ల పచ్చళ్ల షాపుకి సైట్ చేస్తున్నాను. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణే దించేశాను: మిన్ గ్రామ్ (ముక్క కనీస పొడవు) 2, మ్యాక్స్ గ్రామ్ (గరిష్ఠ పొడవు) 10, టోకెన్ క్యారెక్టర్స్‌లో (మాటలో భాగంగా లెక్కించేవి) లెటర్, డిజిట్. 'గోంగూర' కొడితే ఒక్కటీ రాలేదు. మిన్ గ్రామ్ 1 చేశాను. ఈసారి గోంగూరతో పాటు గుమ్మడి వడియాలు, రాగి పిండి కూడా వచ్చి కూర్చున్నాయి!

మాట ఎలా ముక్కలవుతోందో చూపించే ఎనలైజ్ ఏపీఐకి 'గోంగూర' ఇచ్చి చూస్తే సంగతి బయటపడింది. గ, గ, ర అని మూడు ముక్కలు. గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు ఇవేవీ జావా (ఎలాస్టిక్‌సెర్చ్ రాసిన భాష) లెక్కలో 'లెటర్' కావు. అందుకే టోకెనైజర్ అవి కనబడ్డ చోటల్లా మాటను తెగ్గొడుతోంది.

దాన్ని తీసేసి, గుణింతాలతో సహా మాటను మొత్తంగా ఉంచే స్టాండర్డ్ టోకెనైజర్ పెట్టండి, ఎడ్జ్ ఎన్‌గ్రామ్‌ను టోకెన్ ఫిల్టర్‌గా దాని తర్వాత తగిలించండి. ఫిల్టర్ డిఫాల్ట్ మిన్ 1, మ్యాక్స్ 2 మాత్రమే, మార్చడం మర్చిపోకండి. గోంగూర కంటికి మూడక్షరాలే గానీ యూనికోడ్‌లో ఆరు. కాబట్టి పొడుగు పేర్లకు 10 చాలదు, నేను 20 పెట్టాను. సెర్చ్ ఎనలైజర్ (యూజర్ కొట్టిన మాటకు వాడేది) విడిగా స్టాండర్డ్ అని ఇవ్వాలి, లేకపోతే యూజర్ కొట్టిన మాట కూడా ముక్కలై 'గ'తో మొదలయ్యేవన్నీ వస్తాయి. పాత ఇండెక్స్‌లో (డేటా దాచే చోటు) ఫీల్డ్ ఎనలైజర్ మారదు. కొత్త ఇండెక్స్ చేసి రీఇండెక్స్ కొట్టి పాత డేటాను అందులోకి ఎక్కించాల్సిందే.

బ్రౌజర్ వైపు 250 మిల్లీసెకన్ల డీబౌన్స్ (టైపింగ్ కాస్త ఆగేదాకా రిక్వెస్ట్ పంపకుండా ఉండడం) చాలు. కానీ పాత రిక్వెస్ట్‌ను అబార్ట్ (రద్దు) చేయండి, లేదంటే 'గో' జవాబు ఆలస్యంగా వచ్చి 'గోంగూ' జవాబు మీద పడుతుంది.

ఇంత చేశాక చూస్తే, మా కస్టమర్లలో చాలామంది తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడుతున్నారు. అదీ ఒకరు 'యు' పెట్టి, ఇంకొకరు రెండు 'ఓ'లు పెట్టి. దానికి ఇంకో ఫీల్డ్ పెట్టి, ఒక్కో పచ్చడికి తోచిన స్పెల్లింగులన్నీ చేత్తోనే రాశాం. సరుకులు తక్కువ కాబట్టి సరిపోయింది.