దిద్దని హోంవర్క్ కంటే ఇవ్వకపోవడమే నయం

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు గణిత భావనలు పట్టుబడాలంటే హోంవర్క్ తప్పనిసరా అని అడిగారు. తప్పనిసరే అన్నది నా గట్టి అభిప్రాయం. అలాగని, నిద్ర ముంచుకొస్తున్న పిల్లవాడి చేత ఒకే రకం లెక్కలను పుటలకొద్దీ చేయించడాన్ని నేను సమర్థించను.

మా అన్నయ్య కూతురు ఏడో తరగతిలో ఉండగా సాయంత్రాలు నా దగ్గర కూర్చుని లెక్కలు చేసుకునేది. ఒకనాడు రుణ సంఖ్యల కూడికలు పుట నిండా చేసి తెచ్చి చూపించింది. (−3) + (−5) = 8 అని ఉంది. దాని కిందే (−7) + (−2) = 9. ముత్యాల్లాంటి దస్తూరితో ప్రతి లెక్కలోనూ అదే తప్పు. ఎలా వచ్చిందని అడిగితే, “మైనస్, మైనస్ కలిస్తే ప్లస్సే కదా బాబాయ్” అంది. గుణకారానికి చెప్పిన సూత్రాన్ని కూడికకు వర్తింపజేసుకుంది. అంతకంటే బాధ కలిగించిన విషయం, ముందురోజు పుటలోనూ అదే తప్పు ఉండగా, దాని మీద బడిలో వేసిన ఎర్ర సిరా టిక్కు, కింద సంతకం కనిపించడం. సంఖ్యారేఖ గీసి, సున్నా మీద వేలు పెట్టించి, ఎడమవైపు మూడు గళ్లు, మళ్లీ ఎడమకే ఐదు గళ్లు జరపమన్నాను. వేలు −8 దగ్గర ఆగగానే పుస్తకం వంక, గీత వంక మార్చి మార్చి చూసి, నేను చెప్పకుండానే ఆ పుటంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది.

ఉపాధ్యాయుడు బోర్డు మీద చేస్తున్నంతసేపూ ఏ లెక్కయినా తేలికగానే కనిపిస్తుంది. తర్వాతి మెట్టు చెప్పేవారు లేక ఒంటరిగా కూర్చున్నప్పుడే ఎంత అర్థమైందో పిల్లలకు తెలిసివస్తుంది. నేర్చినది ఎంత వేగంగా మరుపున పడుతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ ప్రయోగాలు చేసి 1885లోనే చూపించాడు. కాబట్టి ఒకే రాత్రి ఇరవై లెక్కలు చేయించేకంటే ఇవాళ నాలుగు, మూడు రోజుల తర్వాత రెండు, వారం తర్వాత మరో రెండు చేయించడం ఎంతో మేలు. వాటినైనా కలగలిపి ఇవ్వాలి. (−3) + (−5), (−3) × (−5), 3 − (−5) పక్కపక్కనే ఉంటే, ఏ సూత్రం ఎక్కడ పనిచేస్తుందో ఆలోచించక తప్పదు. అన్నీ కూడికలే ఉన్న పుటలో ఆ ఆలోచనకు చోటే లేదు.

హోంవర్క్ వల్ల ప్రయోజనం లేదని వాదించేవారు చిన్న తరగతుల ఫలితాలను చూపి మాట్లాడుతుంటారు. అమెరికాలో 1987 నుంచి 2003 వరకు జరిగిన అధ్యయనాలను విద్యా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం పరిశీలించి 2006లో ప్రచురించిన సమీక్షలో, హోంవర్క్‌కూ చదువులో ఫలితాలకూ ఉన్న సంబంధం ఏడో తరగతి నుంచి పై తరగతుల్లోనే బలంగా కనిపించింది.

ఇక సెలవుల్లో కట్టలుగా ఇచ్చే లెక్కలను తల్లిదండ్రులో గైడ్లో పూర్తిచేస్తున్నాయని తెలిసీ మార్కులు వేసే పద్ధతిని వెంటనే ఆపాలి. తరగతిలో అందరి పుస్తకాలూ రోజూ దిద్దడం ఏ ఉపాధ్యాయుడికీ సాధ్యం కాదు, అందుకే ఐదు లెక్కలే ఇచ్చి, మర్నాడు వాటిలో ఒకదాన్ని ఎవరో ఒకరి చేత బోర్డు మీద చేయించి, ప్రతి మెట్టు దగ్గరా “ఎందుకు?” అని అడిగితే చాలు.