కంట్లో యాపిల్ ఎవరు?

ప్రశ్న: మేడమ్ గారూ, డల్లాస్‌లో ఉంటున్న మా ఆడపడుచు కొడుకు ఫొటో పెట్టి, కింద ‘ది యాపిల్ ఆఫ్ మై ఐ’ అని రాసింది. మా అత్తగారికి చదివి వినిపిస్తే, “పిల్లాడి కంట్లో ఏం పడిందే?” అని కంగారుపడ్డారు. ఆవిడకి మొన్ననే శుక్లాల ఆపరేషన్ అయింది లెండి. దీన్ని తెలుగులో ఏమనాలి? మావారి గురించీ రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అత్తగారు మరీ అంత పొరపడలేదు. ఆ యాపిల్ నిజంగా కంట్లోదే. పాత ఇంగ్లిషులో కంటి నడిమి నల్లటి గుండ్రాన్ని యాపిల్ అనేవారు, అదేదో గట్టి ఉండ అనుకుని. 9వ శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు లాటిన్ నుంచి చేసిన అనువాదంలోనే ఈ మాట ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌తో ఇంటింటికీ చేరింది. ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో వాళ్లు యాపిల్ అన్నచోట మన తెలుగు బైబిల్లో ‘కనుపాప’ అని ఉంటుంది. మీకు కావలసిన మాట అదే, కంటిపాప.

కంటిపాపకి ఇప్పుడు ఇంగ్లిషులో వాడే ‘ప్యూపిల్’ కూడా లాటిన్లో చిట్టిబొమ్మ, చిన్నపిల్ల అనే మాట నుంచి వచ్చిందే. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే మన బొమ్మ చిన్నగా కనబడుతుంది కదా, అదన్నమాట. బ్రాడీపేటలో మా అమ్మమ్మ నాకు కాటుక పెడుతుంటే, ఆవిడ కంట్లో రెండు జడల పాపని చూస్తూ కదలకుండా కూర్చునేదాన్ని. ముప్పై ఏళ్లు ఇంగ్లిషు పాఠాలు చెప్పి రిటైరయ్యాక గానీ, ఆ పాపకీ ఈ యాపిల్‌కీ చుట్టరికం ఉందని నాకు తట్టలేదు.

క్లాసులో పిల్లలు దీనికి ‘కంటికి రెప్ప’ అని అర్థం రాసేవారు. సగం మార్కే వేసేదాన్ని. కాసేది రెప్ప, అది కాసేది పాపని. ఇక్కడ పిల్లాడు పాప, మీ ఆడపడుచు రెప్ప.

ఇంకోటి, ‘ఐ’ ఒక్కటే. బెంజి సర్కిల్ దగ్గర ఎవరో తండ్రి కూతురి పుట్టినరోజుకి కట్టించిన ఫ్లెక్సీ మీద ‘ఐస్’ అని చూశాను. ఎండలో ఆటో దిగి దిద్దలేం కదా! ముందు ‘ది’ కూడా మరవకండి.

మీవారి గురించా? తప్పేం లేదు గానీ, ఎక్కువగా పిల్లల గురించే అంటారు. ఆయన సిగ్గుపడతారేమో, అది మీరూ మీరూ చూసుకోండి.

మీ అత్తగారికి మాత్రం ఈసారి చుక్కల మందు వేసేటప్పుడు చెప్పండి. అప్పుడు ఆవిడ కంట్లో కనబడే పాప మీరే.