పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రాత్రి పది దాటినా మోత ఆగకపోతే

ప్రశ్న: మా ఇంటి వెనుక సందులో ఒక ఫంక్షన్ హాల్ ఉంది. ముహూర్తాలున్న నెలల్లో అక్కడి లాన్‌లో డీజే, వీధిలో బరాత్ రాత్రి ఒంటిగంట వరకూ సాగుతున్నాయి. అడిగితే మేనేజరు "పోలీసు పర్మిషన్ ఉంది" అంటున్నారు. ఫోన్‌లోని యాప్‌తో చూస్తే మా కిటికీ దగ్గర 78 డెసిబెల్స్ చూపిస్తోంది. ఈ కొలత ఆధారంగా ఫిర్యాదు చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, వనస్థలిపురం, హైదరాబాద్

జవాబు: ఫిర్యాదు తప్పకుండా చేయవచ్చు. కాకపోతే దాన్ని డెసిబెల్స్ మీద కాక గడియారం మీద నిలబెట్టండి. ధ్వని కాలుష్య నియంత్రణకు కేంద్ర ప్రభుత్వం పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో చేసిన నిబంధనలే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. అయితే ఈ అంకెలు కొంత వ్యవధిలో వచ్చిన శబ్దానికి సగటులే తప్ప, ఒక క్షణంలో తెరపై కనిపించే అంకెలు కావు. పైగా ఫోన్ మైకు ప్రామాణిక పరికరం కాదు కనుక, అవతలి పక్షం మొట్టమొదట తప్పుపట్టేది మీ 78నే.

అదృష్టవశాత్తూ నిబంధనలే మీకు ఇంకో దారి చూపాయి. శబ్దం పరిమితికన్నా 10 డెసిబెల్స్, అంతకుమించి పెరిగినప్పుడు ఫిర్యాదు చేయవచ్చన్నది ఒకటి. రాత్రివేళకు విధించిన ఆంక్షల్లో దేన్ని ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చన్నది రెండోది. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు. ఆ ఎనిమిది గంటల్లో లౌడ్‌స్పీకరు, ఆంప్లిఫయరు మాత్రమే కాదు, వాద్య పరికరాలు కూడా మోగరాదని నియమం చెబుతోంది కనుక, డీజే లేకుండా బ్యాండు మేళంతో నడిచే బరాత్‌కూ మినహాయింపు లేదు. నివాస ప్రాంతంలో డీజే పదిన్నరకు మోగిందని రుజువైతే చాలు, అది ఎన్ని డెసిబెల్స్ అన్న వాదనలోకి దిగాల్సిన అవసరమే రాదు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి యాప్ చిత్రాలు అరడజను జతచేసి ఉంటాయి కానీ, మోత ఏ తేదీన ఎన్ని గంటలకు మొదలై ఎప్పుడు ఆగిందన్న వివరం ఒక్క వాక్యం కూడా ఉండదు.

ఇక పర్మిషన్ సంగతి. మైకుకు రాతపూర్వక అనుమతి అవసరమన్నది నిజమే, కానీ అనుమతి ఉన్నంత మాత్రాన పది గంటల హద్దు చెరిగిపోదు. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భంలో రాత్రి పన్నెండు వరకు వెసులుబాటు ఇవ్వగలిగేది రాష్ట్ర ప్రభుత్వం. అదీ ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా. ఒక కుటుంబం చేసుకునే పెళ్లి ఆ లెక్కలోకి వస్తుందని వాదించడం కష్టం. కాబట్టి అనుమతి కాగితం చూపించమని మర్యాదగా అడిగి, అందులో ఎన్ని గంటల వరకని రాశారో చదవండి. నాలుగు గోడల మధ్య ఉన్న హాల్లో, లోపలివారికి వినిపించేంత వరకు మైకు వాడుకోవడానికి రాత్రిపూట కూడా మినహాయింపు ఉందన్న మాట వాస్తవమే. షామియానా వేసిన లాన్ మాత్రం నాలుగు గోడల హాల్ కాదు. హాల్ లోపలే మోగించినా, ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెల్స్ కన్నా మించకూడదు. అంటే రాత్రివేళ వారి కాంపౌండు గోడ దగ్గర 50 డెసిబెల్స్ దాటడానికి వీల్లేదు.

మోత సాగుతున్నప్పుడే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, మీ పేరు అవతలివారికి చెప్పవద్దని అడగండి. హాల్ బోర్డు, సమయం రెండూ తెలిసేలా మీ గేటు నుంచే చిన్న వీడియో తీసి ఉంచుకోండి. మర్నాడు స్టేషన్ హౌస్ ఆఫీసరు పేరిట అర్జీ రాసి, ఒక ప్రతిని కమిషనరేట్‌కు పంపి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. అర్జీ పెళ్లివారి మీద కాకుండా హాల్ యజమాని మీద ఉండాలి. పెళ్లివారు తెల్లారితే వెళ్లిపోతారు, వచ్చే ముహూర్తానికి డీజేను అనుమతించేది యజమానే. సంగీతాన్ని ఆపమని, లేదా ఫలానా షరతులతో మాత్రమే వాడమని రాతపూర్వకంగా ఆదేశించే అధికారం ఈ నిబంధనల కింద పోలీసు కమిషనరుకు, జిల్లా మేజిస్ట్రేటుకు, ప్రభుత్వం నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి ఉంది. పరిమితి మించిన లౌడ్‌స్పీకర్లను, ఆంప్లిఫయర్లను స్వాధీనం చేసుకునే ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు 2005 జులైలోనే రాష్ట్రాలకు చెప్పింది. పర్యావరణ చట్టం కింద ఇదివరకున్న జైలు శిక్ష స్థానంలో 2024 ఏప్రిల్ నుంచి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా వచ్చింది. భారతీయ న్యాయ సంహిత కింద పబ్లిక్ న్యూసెన్స్‌కు పడే జరిమానా వెయ్యి రూపాయలే కనుక హాల్ యజమానులకు అది లెక్క కాదు. అర్జీలో పర్యావరణ చట్టం పేరు తప్పక రాయమనడం అందుకే.

ప్రశ్న: ధనుర్మాసం నెల పొడవునా మా వీధి గుడిలో తెల్లవారుజామున నాలుగున్నరకే మైకు పెడుతున్నారు. నేనూ భక్తుణ్ణే, కానీ గుండె ఆపరేషన్ అయిన నాన్నగారికి నిద్ర ఉండటం లేదు. ఇది తప్పని అనవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అనవచ్చు. పండుగల వెసులుబాటు రాత్రి పది నుంచి పన్నెండు వరకే. తెల్లవారుజాముకు అది అసలు వర్తించదు. చెన్నైలోని ఒక ప్రార్థనా మందిరంపై కాలనీవాసులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2000లో, ఇతరుల ప్రశాంతతను భంగపరుస్తూ ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని పేర్కొంది. గుడికైనా మసీదుకైనా చర్చికైనా అదే సూత్రం. అయినా మీ విషయంలో ముందు ఠాణాకు వెళ్లమని నేను చెప్పను. గోపురం మీద వీధి వైపు తిప్పి కట్టిన హారన్ స్పీకర్లను దించి, మండపంలో చిన్న బాక్సు పెట్టుకోమని, అదీ ఆరు తర్వాతే వాడమని ధర్మకర్తలను అడగండి. అంతకుముందు పాశురాలు గొంతెత్తి పాడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వచ్చే ధనుర్మాసానికి నెల ముందే, మీలాంటి మరో రెండు మూడు కుటుంబాలతో కలిసి వెళితే మాట చెల్లుతుంది.

ప్రశ్న: పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పగలు లారీలను నగరంలోకి రానివ్వరని చెప్పి రాత్రంతా స్లాబు వేస్తున్నారు.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాల్లో రాత్రివేళ వాడకూడదని 2010 సవరణ స్పష్టంగా చెబుతోంది. లారీల రాకపోకలపై ఆంక్షలు ఉన్నాయన్నది బిల్డరు ఇబ్బందే గానీ, మీ నిద్రపై హక్కు కాదు. పోలీసులకు ఇచ్చే అర్జీ ప్రతిని ప్లాన్ మంజూరు చేసిన టౌన్ ప్లానింగ్ విభాగానికీ ఇవ్వండి.

ప్రశ్న: పై అంతస్తువారు ఉదయం ఐదింటికే మిక్సీ వేస్తారు, పిల్లలు కుర్చీలు ఈడుస్తారు. పోలీసులకు చెప్పవచ్చా?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: చెప్పి ప్రయోజనం ఉండదు. ఈ నిబంధనలు లౌడ్‌స్పీకర్ల వంటి వాటిని దృష్టిలో పెట్టుకుని చేసినవే కానీ వంటింటి చప్పుళ్ల కోసం కాదు. మీ అపార్ట్‌మెంట్ సంఘం బైలాస్‌లో ప్రశాంత వేళలు రాసి ఉన్నాయేమో చూడండి. లేకపోతే తదుపరి సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టించండి. ఈలోగా కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయమని, మిక్సీ కింద మందపాటి గుడ్డ పరవమని పై ఇంటావిడను అడిగి చూడండి.