మరిది చీటీకి జామీను: ‘అడుగువానికిమ్ము’ అంటే సంతకం పెట్టడమేనా?

ప్రశ్న: ప్రభుత్వ బడిలో టీచర్ని. మా మరిది పది లక్షల చీటీ (నెలకు 20,000 చొప్పున 50 నెలలు) ఎనిమిదో నెలలో పాడుకున్నాడు. చేతికి 7 లక్షలు వస్తాయి. నన్ను జామీను ఉండమంటున్నాడు. రెండేళ్ల కిందట అతని చిన్న చీటీకి సంతకం పెట్టాను. వాయిదాలు తప్పుతున్నాయని ఫోన్లు నాకే వస్తున్నాయి. ‘అడుగువానికిమ్మని ప్రభువే చెప్పాడు, సంతకానికి డబ్బులవుతాయా’ అంటున్నారు అత్తయ్య. మావారు మాట్లాడరు. కాదంటే నేను విశ్వాసం లేనిదాన్నా?

జవాబు: కానే కాదమ్మా. మత్తయి 5:42 చేతిలో ఉన్నదాన్ని ఇవ్వమంటుంది. జామీను అంటే ఇంకా చేతికి రాని జీతాన్ని, అందులో మీ పిల్లల వంతుతో సహా, ముందే రాసివ్వడం. దానికి బైబిల్లో వేరే మాట ఉంది: పూటబడడం. సామెతల గ్రంథం 6, 11, 17, 22 అధ్యాయాల్లో దాని గురించి హెచ్చరిస్తుంది. తీర్చలేకపోతే కింద పరుచుకున్న పరుపు కూడా పోతుందని 22:27 చెబుతుంది.

అయినా పూటబడ్డవాళ్లందరినీ వాక్యం తప్పుపట్టలేదు. తమ్ముడు బెన్యామీను కోసం యూదా తండ్రి దగ్గర పూటబడ్డాడు. దాసుడైన ఒనేసిము బాకీ తన లెక్కలో వేయమని పౌలు అతని యజమాని ఫిలేమోనుకు రాశాడు. ఇద్దరూ తామే తీర్చడానికి సిద్ధపడి ఆ మాట అన్నారు. మీరూ అలాగే లెక్క వేసుకోండి. మరిది ఇకపై ఒక్క వాయిదా కూడా కట్టకపోతే, మిగిలిన 42 నెలలకు 8,40,000 నేను కట్టగలనా? కట్టాక కూడా అతన్ని మునుపటిలా ఇంటికి పిలిచి అన్నం పెట్టగలనా? డివిడెండుతో (పాటలో తగ్గిన సొమ్ములో సభ్యులకు వచ్చే వాటా) వాయిదా కొంత తగ్గుతుంది నిజమే, కానీ ఎగవేసినవాళ్లకు చాలా చీటీల్లో అది కూడా ఇవ్వరు.

‘నలుగురం జామీనుదారులం, నా వంతు పావే’ అని చాలామంది ఉద్యోగులు నమ్ముతారు. అది తప్పు. చీటీ కంపెనీ మొత్తం బాకీని ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు, ముందు మీ మరిది మీదికి వెళ్లి తీరాలన్న నియమం కూడా లేదు. నెలనెలా జీతం వచ్చేవాళ్లు తేలిగ్గా దొరుకుతారు కాబట్టి ముందు వాళ్ల మీదికే వస్తారు. కోర్టు డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు) వస్తే జీతంలో మొదటి 1,000, మిగిలినదానిలో మూడింట రెండొంతులు వదిలి, తక్కిన మూడో వంతు జప్తు చేయవచ్చు. జప్తుకు లెక్కలోకి తీసుకునే జీతం 61,000 అయితే నెలకు 20,000 పోతుంది. ఒకే డిక్రీ మీద ఇలా 24 నెలల దాకా సాగవచ్చు. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే, అది చెల్లకపోతే క్రిమినల్ కేసు కూడా కావచ్చు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద కూడా సంతకం వద్దు.

పాత చీటీయే సరిగ్గా కట్టని మనిషికి కొత్త దానికి పూటబడొద్దని నా గట్టి సలహా. ఆ మాట మీ నోట కాదు, మీవారి నోట రావాలి. తమ్ముడితో అన్న చెబితే అది ఇంటి నిర్ణయం. మీరు చెబితే కోడలి మొండితనం అంటారు. ఆయన మౌనానికి మూల్యం మీ జీతమని ఆయనకు మెత్తగానైనా చెప్పండి. ‘జామీను ఉండలేం, మా శక్తికొద్దీ ఇంత ఇస్తాం, తిరిగి అడగం’ అని ఒక మొత్తం చెప్పండి, పాతిక వేలైనా సరే. ప్రభువు ఇమ్మన్నది ఇదే. ఆ 7 లక్షలు దేనికో కూడా అడగండి. పాత అప్పులు తీర్చడానికే అయితే ఈ చీటీ అతన్ని ఇంకా లోతుకు దించుతుంది. స్థిరాస్తి గానీ ఫిక్స్‌డ్ డిపాజిట్ గానీ పూచీగా పెట్టే వీలుందేమో కంపెనీనే అడగమనండి.

ఇక పాత చీటీ. చీటీ డబ్బు అతను తీసుకున్నాక మీ ఇష్టానికి సంతకం వెనక్కి తీసుకోలేరు. వేరే జామీనుదారుణ్ణి చూపించినా, కంపెనీ ఒప్పుకుంటేనే మీ పేరు తీసేస్తారు. అందుకే ఈ వారంలోనే బ్రాంచికి వెళ్లి ఎన్ని వాయిదాలు బాకీయో రాతపూర్వకంగా తీసుకోండి. సామెతలు 6:4 పూటబడ్డవాణ్ణి కునుకైనా తీయవద్దంటుంది. మీరు కట్టాల్సివస్తే నగదు మరిది చేతికివ్వకుండా మీ ఖాతా నుంచే కట్టి, రసీదులో మీ పేరు రాయించుకోండి. ఆ డబ్బు అతని దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంది. దావా వేయాల్సివస్తే గడువు, మీరు కట్టిన రోజు నుంచి 3 ఏళ్లు.